నోటిలో సర్వే – ‘ఇరవై మైక్రాన్ల’ మాటపై ఒక విమర్శ

ఉక్కునగరంలో మా వరుసలోనే కుమారుని క్వార్టరులో ఉంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. రోలింగ్ మిల్లులో చాలకాలం పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నారు. ఆమధ్య ఆయనకు కింది దవడలో పక్కపక్కనే రెండు పళ్ళు పోయినవి. పట్నంలో ఒక దంతవైద్యుని వద్దకు వెళ్ళగా, ‘ఇప్పుడు నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీయనక్కరలేదు, స్కానరుతో తీస్తాము, ఇరవై మైక్రాన్ల కచ్చితత్వం’ అని చెప్పి ఒక రంగుల కరపత్రం చేతికిచ్చారట. కొన్నాళ్ళకు బ్రిడ్జి తయారై వచ్చినది. ఒక పక్క చక్కగా కూర్చున్నది, రెండవ పక్క ఆనలేదు. రెండవసారి ఆ వైద్యుడు ముద్దతోనే అచ్చు తీశాడు. ఆ బ్రిడ్జి కుదిరింది. ఆ కరపత్రం పట్టుకొని ఆయన మా ఇంటికి వచ్చి అడిగిన ప్రశ్న ఇది:

“మాస్టారూ, మా మిల్లులో అయిదున్నర మిల్లీమీటర్ల తీగకడ్డీ అంటే, అది ఎర్రగా ఉన్నప్పటి కొలతా, చల్లారిన తరువాతదా అని ముందు అడిగేవాళ్ళం. ఇరవై మైక్రాన్లు అని వేశారే, ఇది ఎంత పొడవు మీద?”

కరపత్రంలో ఆ సంగతి లేదు. తరువాత నేను సంపాదించి చూసిన మరి రెండు మూడింటిలోనూ కనబడలేదు. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నను గురించినదే.

ముందుగా బ్రిడ్జి అంటే ఏమిటో చూద్దాం. పన్ను ఊడిన చోటుకు ఇరుపక్కల ఉన్న పళ్ళను చుట్టూ కొంత అరగదీసి, వాటిపై రెండు తొడుగులు వేస్తారు. ఈ తొడుగునే మనవాళ్ళు క్యాపు అంటారు. ఆ రెండు తొడుగుల మధ్య కృత్రిమదంతం నిలుస్తుంది. అంతా కలిసి ఒకే గట్టి ముక్క. నదిమీది ఇనుప వంతెనకు ఒక చివర రోలర్లు ఉంటాయి. ఎండకు గర్డరు సాగితే అది కొద్దిగా జరుగుతుంది. నోటిలోని వంతెనకు అటువంటి సదుపాయం లేదు. రెండు స్తంభాల మధ్య దూరంలో గాని, అవి ఒకదానికొకటి వాలిన కోణంలో గాని కొలత తప్పితే తొడుగు అడుగంటా దిగదు. లేదా ఒక అంచున సందు మిగులుతుంది. ఆ సందులో సిమెంటు కరగి, ఆహారం చేరి, లోపలి పన్ను పుచ్చుతుంది. ఒంటి క్యాపుకు ఈ చిక్కు లేదు. ఒక పన్ను ఆకారం సరిగా వస్తే చాలు, పక్క పన్ను ఎంత దూరాన ఉన్నదో కొంచెం తప్పినా తొడుగు దిగుతుంది. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి.

మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. మన పాఠశాలల్లో వాడే స్క్రూ గేజి కనీసపు కొలత మిల్లీమీటరులో నూరవ వంతు, అంటే పది మైక్రాన్లు. ఆ స్క్రూ గేజినే తీసుకొందాం. దానికి శూన్యాంశ దోషం ఉన్నదనుకోండి. విద్యార్థి అదే తీగను పదిసార్లు కొలిస్తే పదిసార్లూ ఒకే అంకె వస్తుంది, పదిసార్లూ తప్పే వస్తుంది. ఆ పరికరానికి నిలకడ ఉన్నది గాని సత్యసామీప్యం లేదు. ఈ రెండు గుణాలనూ విడివిడిగా చెప్పాలని, రెండూ కలిస్తేనే కచ్చితత్వమని, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1994లో వెలువరించిన 5725 సంఖ్య గల ప్రమాణం చెబుతుంది. కరపత్రంలోని ఇరవై మైక్రాన్లు నిలకడకు చెందినదా, సామీప్యానికి చెందినదా? అదీ అందులో లేదు. పదవ తరగతి పిల్లవాడు ఇటువంటి జవాబు రాస్తే మనం సగం మార్కులు కోస్తాము.

పాత పద్ధతి తప్పులు లేనిదని ఎవరూ అనుకోరాదు. ఒకప్పుడు నోటిలో జిప్సం పెట్టి, గట్టిపడిన తరువాత ముక్కలుగా విరిచి బయటికి తీసి అతికేవారు. తరువాత సముద్రపు నాచునుండి వచ్చే అగారు వాడుకలోకి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జపాను నుండి అగారు రావడం ఆగిపోయినందున, నాచునుండే లభించే ఆల్జినేట్‌కు గిరాకీ పెరిగినది. తరువాత పాలీఈథర్, సిలికోన్ రబ్బర్లు వచ్చినవి. మంచి సిలికోన్ ముద్ద కూడ గట్టిపడిన తరువాత నూటికి సుమారు పదిహేను పైసల వంతున కుంచించుకొంటుంది. అందులో పోసిన జిప్సం నూటికి పది పైసల వంతున వ్యాకోచిస్తుంది. ఒక తప్పు మరొక తప్పును కొంతవరకు కొట్టివేస్తుంది. దంతవైద్యులు, సాంకేతికులు ఎన్నో ఏండ్లుగా ఈ రెండు తప్పులనూ సమన్వయం చేసుకొంటూ వచ్చారు. పైగా ముద్ద పెట్టగానే వాంతి వచ్చేవాళ్ళు, ట్రే తీసేటప్పుడు అంచు చిరిగితే మళ్ళీ కూర్చోవలసి వచ్చేవాళ్ళు ఉన్నారు. స్కానరుతో ఈ బాధలు లేవు. బొమ్మ సరిగా రాని చోటు మాత్రమే మళ్ళీ తీయవచ్చు. ఇది నిజమైన మేలు.

వెలుగుతో అచ్చు తీయవచ్చునన్న ఆలోచన ఫ్రాన్సు దేశంలో ఫ్రాంస్వా ద్యురే 1973లో సమర్పించిన పరిశోధనవ్యాసంలోనే ఉన్నది. జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మాన్ అనే దంతవైద్యుడు, మార్కో బ్రాండెస్టీని అనే ఇంజనీరు కలిసి సెరెక్ అనే యంత్రాన్ని రూపొందించారు. 1985 సెప్టెంబరు 19వ తేదీన దానితో తొలిసారి ఒక రోగి పంటిలో పింగాణీ పూరకం అమర్చారు. పంటిపై తెల్లని పొడి చల్లి, చారల వెలుగును ఒక కోణంనుండి ప్రసరింపజేసి, మరొక కోణంనుండి కెమెరాతో చూస్తే, చారలు వంగిన తీరునుబట్టి ఎత్తుపల్లాలు లెక్కకట్టవచ్చు. ఇది త్రికోణమితి. ఇప్పటి యంత్రాలలో కొన్ని ఈ సూత్రం మీద, కొన్ని కటకపు నాభిలో ఉన్న బిందువును మాత్రమే పట్టుకొనే సూత్రం మీద పనిచేస్తాయి. చాలవాటికి పొడి అవసరం లేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. తొలి సెరెక్ చేసినది పంటిలోని గుంటను పూరించే పని మాత్రమే. అందుకు ఒక్క బొమ్మ చాలు. ఒక్క బొమ్మలో యంత్రం చూపే సూక్ష్మత నిజంగా మెచ్చదగినది. దానికి పేరు వచ్చినది అక్కడే. ఆ పేరును బ్రిడ్జికి, ఆపైన మొత్తం దవడకు అప్పు తెచ్చుకొన్నారు. స్కానరు కన్ను ఒకసారికి చూడగలిగిన మేర ఒకటి రెండు పళ్ళంత మాత్రమే. బ్రిడ్జికి కావలసిన పొడవు అంతకంటె ఎక్కువ. కనుక అది కొద్దికొద్దిగా జరుగుతూ, ఒకదానిపై ఒకటి కొంత కప్పుకొనేటట్లు వందలకొద్దీ బొమ్మలు తీస్తుంది. రెండు బొమ్మలలోనూ కనబడిన ఎత్తుపల్లాలను సరిపోల్చి కంప్యూటరు వాటిని అతుకుతుంది. అసలు తప్పు పెరిగేది ఈ అతుకులలో.

మన విశాఖపట్నానికి ఈ చిక్కు కొత్తది కాదు. దాదాపు నూట అరవై ఏండ్ల క్రితమే ఇక్కడ దానితో తలపడ్డారు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ఒక ఆధారరేఖను కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో, భూమినంతటినీ గొలుసుతో కొలవలేదు. ఒక రేఖను మాత్రం అతిజాగ్రత్తగా కొలిచి, దానిపై ఒక త్రికోణం, దాని భుజంపై మరొక త్రికోణం, ఈ విధంగా కోణాలు మాత్రమే కొలుస్తూ వందల మైళ్ళు సాగిపోయారు. ప్రతి త్రికోణంలోనూ ఏదో స్వల్పమైన తప్పు ఉంటుంది. అది తరువాతి త్రికోణానికి సంక్రమిస్తుంది. ఎంత పోగైనదో లెక్కలు చూసి చెప్పలేము. లెక్కలన్నీ తమలో తాము సరిపోతూనే ఉంటాయి. అందుచేత సర్వేవారు గొలుసు చివర మరొక రేఖను నేలపై మళ్ళీ కొలిచేవారు. లెక్కలో వచ్చిన పొడవు, నేలపై కొలిచిన పొడవు ఎంత దూరంలో ఉన్నవో చూసేవారు. జార్జి ఎవరెస్టు కాలంలో సిరోంజి నుండి డెహ్రాడూను వరకు పోయిన గొలుసు చివర, ఏడు మైళ్ళకు పైబడిన ఆధారరేఖలో 7.2 అంగుళాల తేడా కనబడినది. దాన్ని ఎవరూ దాచలేదు, అచ్చువేశారు.

కలకత్తా నుండి తూర్పుతీరం వెంట దక్షిణంగా దిగివచ్చిన గొలుసుకు అటువంటి తనిఖీ రేఖను 1862-63లో విశాఖపట్నం వద్ద కొలిచారు. కొలిచినది కోల్బీ కడ్డీలతో. పది అడుగుల ఇనుప కడ్డీ, ఇత్తడి కడ్డీ పక్కపక్కన బిగించి, వేడికి రెండూ వేరువేరుగా సాగినా చివర ఉన్న రెండు చుక్కల మధ్య దూరం మారని విధంగా వాటిని కూర్చారు. వ్యాకోచం పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

స్కానరు మన నోటిలో చేసేది ఇటువంటి సర్వేయే. కాని చివరి రేఖ మాత్రం లేదు. బొమ్మలన్నీ తమలో తాము సరిపోయినవని కంప్యూటరు పచ్చరంగు చూపిస్తుంది. ఆ సరిపోవడం నిలకడకు గుర్తే గాని సామీప్యానికి కాదు.

తప్పు ఏ మేరకు పోగవుతుందో చిన్న లెక్క వేద్దాం. ఒక్కొక్క అతుకులో అయిదు మైక్రాన్ల యాదృచ్ఛిక దోషం ఉన్నదనుకొందాం. ఇది ఊహ కోసం తీసుకొన్న అంకె. ఇటూ అటూ పడే తప్పులు వర్గమూలం ప్రకారం పెరుగుతాయి: నాలుగు అతుకులకు పది మైక్రాన్లు, నూరు అతుకులకు ఏభై. కాని ప్రతి అతుకులోనూ తప్పు ఒకే వైపుకు మొగ్గితే వర్గమూలం ఆదుకోదు, నూరు అతుకులకు అయిదు వందలు అవుతుంది. వాలు తప్పితే మరీ ప్రమాదం. ఒక డిగ్రీలో పదోవంతు వాలు నలభై మిల్లీమీటర్ల దూరాన డెబ్భై మైక్రాన్లుగా కనబడుతుంది. అది ఒక వెంట్రుక మందం.

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి ఉన్నది. దానిని పట్టించుకొనవలసినంతగా పట్టించుకొనడం లేదని నా అభిప్రాయం. బొమ్మలను అతకడానికి గుర్తులు కావాలి. పంటి గాళ్ళు, గుబ్బలు, అంచులు మంచి గుర్తులు. పన్ను ఊడిన చోట ఉన్నదేమిటి? నున్నని, తడిసిన, కదిలే చిగురు. సర్వేవారు గంగామైదానంలో కొండలు లేక, చూపు ఆనే గుర్తులు లేక, ఇటుక బురుజులు కట్టుకోవలసి వచ్చినది. బ్రిడ్జి విషయంలో ఆ మైదానం సరిగ్గా రెండు స్తంభాల నడుమనే ఉన్నది. ఏ దూరం అతిముఖ్యమో ఆ దూరాన్ని గుర్తులు లేని నేలమీదుగా దాటవలసి వస్తున్నది. ఒక పన్ను పోతే ఆ మైదానం చిన్నది. యంత్రం ఇరుపక్కల పళ్ళను చాలవరకు ఒకే చూపులో పట్టుకొంటుంది. రెండు పోతే పెద్దది. మా పెద్దాయన నోటిలో జరిగినది బహుశా ఇదే. బహుశా అంటున్నాను, లాలాజలం, నాలుక కదలిక, స్కానరు పట్టిన చేతి వేగం, ఇవన్నీ తమ వంతు చేస్తాయి.

ఇక పరిశోధనల మాట. కరపత్రాలు పరిశోధనల పేరు చెబుతాయి కనుక వాటినీ చూడాలి. చాల ప్రయోగాలు బల్లపై ఉంచిన పొడి నమూనా మీద జరిగినవి. నోరు ఆ నమూనా వంటిది కాదు. నోరు బాగా తెరచినపుడు కింది దవడ ఎముకే కొద్దిగా లోపలికి వంగుతుంది. ఆ వంపు పదుల మైక్రాన్లు ఉంటుంది, కొందరిలో అంతకు మించి ఉంటుంది. ఈ దోషం ముద్దకూ ఉన్నది, స్కానరుకూ ఉన్నది; బల్లపై నమూనాకు లేదు.

ఫలితాన్ని లెక్కకట్టే పద్ధతి మీద నా ఆక్షేపణ ఇంకా బలమైనది. స్కానరు ఇచ్చిన ఆకారాన్ని అసలు ఆకారంపై ఉంచి, రెండూ వీలైనంత దగ్గరగా వచ్చేటట్లు కంప్యూటరుతో జరిపించి, అప్పుడు మిగిలిన తేడాలకు సగటు తీస్తారు. ఇందులో ఏమి జరుగుతుందో చూడండి. ఒక బ్రిడ్జి పొడవు నిజం కంటె నూరు మైక్రాన్లు ఎక్కువ వచ్చినదనుకోండి. బాగా ఆనించగానే మధ్యభాగాలు కలిసిపోతాయి, తప్పు రెండు చివరలకూ చెరి ఏభైగా పంచబడుతుంది. మధ్యనుండి చివరకు తేడా సున్న నుండి ఏభై వరకు క్రమంగా పెరుగుతుంది కనుక సగటు ఇరవైఅయిదు. ఎక్కువను కూడికగా, తక్కువను తీసివేతగా వేసి సగటు తీస్తే సున్న! నూరు మైక్రాన్ల లోపం, ఎవరూ అబద్ధం చెప్పకుండానే, ఇరవైఅయిదుగాను, సున్నగాను అచ్చులో కనబడగలదు. రోగి నోటిలో కూర్చోవలసినది సగటు కాదు, రెండు చివరలూను.

ఇందుకు మార్గం లేకపోలేదు. జర్మనీలోని గీసెన్‌లో 2016లో ప్రకటించిన ఒక పరిశోధనలో, రోగుల పళ్ళపై నాలుగు చిన్న లోహపు గుండ్లను అంటించి, గుండుకూ గుండుకూ మధ్య దూరాలనే సరిచూశారు. ఆనించడం, సగటు తీయడం ప్రసక్తి లేదు. ఇది నోటిలో వేసిన తనిఖీ రేఖ. మొత్తం దవడ వరకు చూస్తే పాతకాలపు ముద్ద అచ్చే నిజానికి దగ్గరగా వచ్చినదని, దూరం తక్కువైనచోట స్కానర్లు దానికి సరితూగగలవని అందులో తేలినది. అప్పటి యంత్రాలకంటె ఇప్పటివి మెరుగైనవి. అయినా దూరం పెరిగినకొద్దీ తప్పు పెరగడం అన్న స్వభావం పోలేదు. నోటిలో స్కానర్ల కచ్చితత్వాన్ని పరీక్షించే పద్ధతికి 2019లో 20896 అనే అంతర్జాతీయ ప్రమాణం మొదటి భాగం కూడ వెలువడినది. కరపత్రంలోని అంకె ఆ పద్ధతిలో వచ్చినదా, ఇంటి పద్ధతిలో వచ్చినదా అన్నది అడగదగిన ప్రశ్న.

మరొక అంకెను గురించి కూడ చెప్పాలి. ఎక్కడ చూసినా ‘నూటఇరవై మైక్రాన్ల లోపు ఉంటే చాలు’ అన్న మాట వినబడుతుంది. 1971లో మెక్‌లీన్, ఫాన్ ఫ్రౌన్‌హాఫర్ అనే ఇద్దరు వెయ్యికి పైగా తొడుగులను, పూరకాలను అయిదేండ్లపాటు పరిశీలించి, పంటికీ తొడుగు అంచుకూ మధ్య సందుకు ఆ హద్దు చెప్పారు. అది తయారై నోటిలో అమరిన వస్తువు సందుకు హద్దు. స్కానరు తప్పుకు హద్దు కాదు. స్కాను తరువాత రూపకల్పన ఉన్నది, చెక్కుడు ఉన్నది, జిర్కోనియా అయితే కొలిమిలో ఇరవై శాతానికి పైగా కుంచించుకొనడం ఉన్నది. ఆ ముందుచూపుతో దానిని అంతమేర పెద్దదిగా చెక్కుతారు. ఒక్కొక్క మెట్టూ తన తప్పును కలుపుతుంది. నెల జీతమంతా మొదటి దుకాణంలోనే ఖర్చుపెట్టి, డబ్బు సరిపోయిందన్నట్లుంటుంది స్కానరు తప్పును నేరుగా నూటఇరవైతో పోల్చడం.

అయితే సన్నని తప్పులున్నా చాల బ్రిడ్జిలు ఎందుకు కుదురుతున్నవి? పన్ను ఎముకలో మేకు దిగగొట్టినట్లు ఉండదు. దానికీ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదవ వంతు మందాన ఒక నారల పొర ఉన్నది. ఆ పొర వలన పన్ను కొన్ని పదుల మైక్రాన్లు కదలగలదు. తొడుగులో సిమెంటుకై ముందుగా విడిచిన చోటు మరికొంత ఓర్చుకొంటుంది. నదిమీది వంతెనకు రోలర్లు చేసే పనిని ఇక్కడ ఈ నారలు కొంతవరకు చేస్తాయి. ఎముకలో బిగించిన టైటానియం మరకు, అనగా ఇంప్లాంటుకు, ఆ నారలు లేవు. అది నిలువుగా కదిలేది నాలుగైదు మైక్రాన్లు మాత్రమే. కాబట్టి సొంత పళ్ళపై మూడు పళ్ళ బ్రిడ్జికి సరిపోయే స్కాను, నాలుగైదు ఇంప్లాంటులపై నిలిచే పెద్ద బ్రిడ్జికి సరిపోకపోవచ్చు. యంత్రం ఒకటే, అంకె ఒకటే, న్యాయం మాత్రం రెండు.

నా తీర్పు అడిగితే, ఒంటి క్యాపుకు, ఒక పన్ను పోయిన చోట మూడు పళ్ళ బ్రిడ్జికి స్కానరును నమ్మవచ్చునంటాను. వాంతి భయం ఉన్నవారికి అది వరమే. అంతకు మించిన పొడవుకు, తనిఖీ లేకుండా నమ్మరాదు. ఆ రెండవసారి ముద్దతో అచ్చు తీసిన వైద్యుని నేను తప్పుపట్టను. తన యంత్రం హద్దు ఎక్కడున్నదో ఆయన తెలుసుకొన్నాడు. తప్పంతా, పొడవు చెప్పకుండా మైక్రాన్లు అచ్చువేసినవారిది.

ఉపాధ్యాయ మిత్రులు దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చు. మీటరు పొడవైన చార్టుపై చిన్నచిన్న చుక్కలు అక్కడక్కడ చిందరవందరగా వేయండి. రెండు చివరలా రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం కొలిచి, ఆ అంకెను పిల్లలకు చెప్పకండి. పది సెంటీమీటర్ల ట్రేసింగు కాగితపు ముక్కలపై చుక్కలను కొద్దికొద్దిగా ఎత్తి రాసుకొని, రెండు సెంటీమీటర్లు కప్పుకొనేటట్లు, చుక్కపై చుక్క పడేటట్లు అతికించమనండి. చివరి గుర్తుల దూరం కొలిపించి మీ అంకెతో పోల్చండి. నాలుగు జట్లు చేస్తే నాలుగు సమాధానాలు వస్తాయి. అతుకు ప్రతిదీ చక్కగానే కనబడుతుంది. తరువాత చార్టు మధ్యలో ఒక జానెడు మేర చుక్కలు తుడిచివేసి, అదే పని మళ్ళీ చేయించండి.